చిన్నిల్లు కనబడుట లేదు

కోరుట్ల,
ఆదివారం

సుస్మిత డాడీకి,

ఉత్తరాన్ని ‘ప్రియమైన’ అని మొదలుపెట్టాలని బడిలో పిల్లలకు నేనే నేర్పిస్తాను. నేర్పించి నేర్పించి ఆ మాట మీద నాకే నమ్మకం పోయింది. అందుకని ఈసారికి నువ్వు నా కూతురికి తండ్రివి మాత్రమే. మిగతా సంగతి ఉత్తరం పూర్తయ్యాక చూద్దాం.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్లో అయితే సగం విని “సైట్ మీద ఉన్న, మల్ల జేస్త” అని పెట్టేస్తావు. ఇక్కడ మీ అమ్మ చెవి ఇటు వేసి కూర్చుంటుంది. పైగా నువ్వు ఇంట్లో మూలమూలనా పెట్టి వెళ్లిన ఆ డబ్బాలు మన మాటలు వింటాయో వినవో నాకు తెలియదు. కాగితమైతే వినదు. నీతో పనిచేసే సాగర్ సెలవు అయిపోయి మస్కట్ బయల్దేరుతున్నాడు. మీ అమ్మ మామిడికాయ తొక్కు, సకినాలు కట్టించి పంపుతోంది. ఆ సకినాల డబ్బా అడుగున ఇది పెడుతున్నాను. సకినాలు తిన్నాకే చదువు. చదివాక తినబుద్ధి కాదు.

కోపం వస్తే నాకు ఏదైనా మొదటి నుంచి చెప్పుకుంటూ రావాలి, నీకు తెలుసు. తెలిసిన సంగతే అయినా విను. నువ్వు ఆ ఊళ్లో గొప్పవాళ్ల విల్లాల్లో స్పీకర్లు బిగించే పనిలో ఉన్నావు. కిందటి సెలవుకు వచ్చినప్పుడు వైర్లు లేని స్పీకర్లు తెచ్చి హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, మామయ్య అర్రలో ఒకటి పెట్టావు. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషికి కాలక్షేపం అన్నావు. మంచం పక్కన, ఆయన ఎడమ చేయి అందేటట్టు పెట్టి, దాని నెత్తి మీద ఉన్న మీటను ఆయన చేతే నొక్కించి నొక్కించి నేర్పావు. అప్పుడు నా కళ్లు చెమర్చాయి. తండ్రి మీద ఇంత ప్రేమ ఉన్నవాడు నా మొగుడు అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడు.

పాత యాప్ ఉన్నన్నాళ్లూ నాకు ఏ బాధా లేదు. తెరిస్తే గదుల పేర్లు, పక్కన సౌండ్ పెంచే గీత, అంతే. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నువ్వు పెట్టిన టైమర్‌కు మామయ్య అర్రలో, వంటింట్లో పాత పాటలు వాటంతటవే మొదలయ్యేవి. ఒకటే లోపం. పాట మంచిగా సాగుతూ ఉండగా మధ్యలో దానంతటదే ఇంకో పాటకు మారిపోయేది. చరణంలో ఉన్నామన్న జ్ఞానం కూడా ఉండేది కాదు. నీకు ఎన్నిసార్లు చెప్పాను! “అది గంతే తియ్, దాన్ని ముట్టకు” అన్నావు. ఊరివాళ్ల స్పీకర్లన్నీ బాగుచేసేవాడికి ఇంట్లోది బాగుచేయడానికి ఒళ్లు బరువు అని తిట్టుకున్నాను. మామయ్యకు మాత్రం ఆ లోపమే ఇష్టం. పాట మారినప్పుడల్లా బాగున్న ఎడమ వైపు పెదవి పైకి లేచేది. అదే ఆయన నవ్వు. ఆ వేళకు ముద్ద పెడితే గబగబా తినేసేవాడు.

పోయిన నెల ఒక పొద్దున ఆ యాప్ ముఖం మార్చుకుంది. మనల్ని అడగలేదు. టైమర్లు తీసేశారు. ఎందుకు తీసేశారో చెప్పరు, ‘మీ కొరకు నూతనముగా’ అని మాత్రం పైన రాశారు. ఫోన్ తెలుగులో పెట్టుకున్న పాపానికి అదీ తెలుగులోకి దిగింది. అది తెలుగైతే నేను ఇన్నేళ్లుగా బడిలో చెబుతున్నది ఏ భాషో నాకు తెలియదు. పాట పెట్టాలంటే ‘ఆడు’ అన్న చోట నొక్కాలట. గదులు కలిపితే ‘గుంపు’ అట. ఇల్లు ‘గృహము’. సౌండ్ కొంచెం తగ్గిద్దామని వేలు పెడితే గీత అటు చివరికి జారి ఇల్లు దద్దరిల్లింది. మామయ్య మంచంలో ఉలిక్కిపడ్డాడు. పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి “ఏం పెండ్లి ఉన్నదక్కా మీ ఇంట్ల?” అని అడిగింది. వంటింటి స్పీకర్ నా ఎదురుగా ఉంటుంది, చేయి చాపితే తగులుతుంది. దాన్ని పట్టుకుని ‘కనబడుట లేదు’ అంటుంది. దానికి కనబడకపోతే నేనేం చేయాలి, బొట్టు పెట్టి పిలవాలా?

అయినా విసుగు దిగమింగి రోజూ మామయ్య అర్రలో నా చేత్తో పాటలు పెట్టాను. ఆయన వినడు. ఎడమ చేత్తో మీట ఒకసారి నొక్కుతాడు, పాట మారుతుంది. తర్వాత ఎదురుచూస్తాడు. దేనికి ఎదురుచూస్తున్నాడో చెప్పలేడు కదా. పాట చివరిదాకా అయిపోతుంది, ముఖం గోడ వైపు తిప్పేసుకుంటాడు. ముద్ద పెడితే నోరు తెరవడు. చెంచాతో నీళ్లు, జావ తప్ప ఏమీ దిగడం లేదు. చెంపలు లోపలికి పోయాయి. డాక్టర్ వచ్చి చూసి, ఇట్లాగే ఉంటే ముక్కులో గొట్టం వేయాలి అన్నాడు.

మీ అమ్మ సంగతి ఇంకా వింత. సాయంత్రమైతే వంటింటి స్పీకర్ దగ్గర నిలబడి మీటను ఒత్తడం, తిట్టడం. “గీ బటన్ పనిజేస్తలేదు హేమా. గిది ఎందుకు పాడైందే? పాతదే తెప్పియ్యమను వానిని” అని నా ప్రాణం తీస్తోంది. ఆపడానికి ఒత్తుతోంది అనుకుని “అత్తమ్మా, అది మోగడమే లేదు, ఇంకేం ఆపుతావు?” అన్నాను. నా వైపు చూసిన చూపు నువ్వు చూడాల్సింది. ఎండాకాలం మొదట్లోనూ ఇట్లాగే ఒకసారి, ఎవరో గేటు దాకా వచ్చిపోయాక, పట్టపగలు తల మీద నుంచి నీళ్లు పోసుకుంది. కొన్నాళ్లు దేవుడికి దీపం పెట్టలేదు. అడిగితే “ఒంట్లె మంచిగలేదు” అంది. ఆమెకు పెద్దతనం వచ్చింది, నాకు ఓపిక పోయింది.

ఇక అసలు మాట. “బాపు తింటలేడంటివి గదా, నువ్వే యాప్ల కొంచెం కలెవెట్టి జూడు” అని నువ్వే అన్నావు. చూశాను. పాత యాప్ మనం ఉన్న ఇంటినే చూపించేది. కొత్తదానికి దాపరికం లేదు. నీ పేరు మీద ఉన్న ఇళ్లన్నీ మొదటి పేజీలోనే పరిచింది. ఒకటి పెద్దిల్లు. దాని కింద హాలు, వంటిల్లు, బాపు అర్ర. రెండోది చిన్నిల్లు. దాని కింద సిరిసిల్ల. పక్కన ఎర్రటి అక్షరాల్లో, కనబడుట లేదు.

తెలుగు చెప్పి బతికేదాన్ని. చిన్నిల్లు అంటే చిన్నగా ఉన్న ఇల్లు కాదని నాకు నిఘంటువు చెప్పనక్కర్లేదు. ఆ మాట యంత్రం తెలుగు కూడా కాదు, నువ్వు నీ వేళ్లతో కొట్టిన తెలుగు. ఒక్క అక్షరం తప్పు లేదు. నా చేతిలో ఉండే ఫోన్లోకి అదే ఖాతా ఎక్కించి, అందులోనే ఆ పేరు పెట్టుకోవడానికి నీకు ఎంత ధీమా! కిందటి సెలవులో వేములవాడ రాజన్న గుడికి పోయి కోడెను కట్టి మొక్కు తీర్చుకుని వస్తానని పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చావు. నీ నుదుట బొట్టు లేదు, చేతిలో ప్రసాదం లేదు. “మస్తు లైన్ ఉండె” అన్నావు. వేములవాడ దాటితే సిరిసిల్ల ఎంతసేపు? సిరిసిల్ల తువ్వాలలు మెత్తగా ఉంటాయి కొందామంటే మీ అమ్మ “గా ఊరి బట్ట నా ఇంటికి తేవద్దు” అని ఎందుకు గయ్యిమంటుందో ఇప్పుడు అర్థమైంది. కొడుకు సంగతి తల్లికి ముందే తెలుసు. తెలియనిది కోడలికే.

దాని కింద ‘ఈ గృహమును మరిచిపో’ అని ఒక మీట ఉంది. నొక్కాను. ‘ఖచ్చితముగా మరిచిపోవలెనా?’ అని అడిగింది. ఈ ఇంట్లో నన్ను ఇంత మర్యాదగా ఎవరూ ఏదీ అడగలేదు. అవును అన్నాను. చిన్నిల్లు మాయమైంది. నేను మాత్రం మరిచిపోలేదు.

జగిత్యాలలో మా తల్లిగారింటి దగ్గర బడిలో తెలుగు టీచర్ కావాలంటున్నారు. సుస్మిత పరీక్షలు అయిపోగానే దాన్ని తీసుకుని వెళ్లిపోతున్నాను. మీ నాన్నకు ముద్ద పెట్టడానికి ఎవరినైనా పెట్టుకో, లేకపోతే నువ్వే రా. ఫోన్ చేయకు. చేసినా సుస్మితకు ఇస్తాను కానీ నేను మాట్లాడను. నీకు ఏమైనా చెప్పుకునేది ఉంటే నాలాగే కూర్చుని రాయి.

హేమలత


మస్కట్

హేమా,

పదో తరగతి తర్వాత నేను ఉత్తరం రాయలేదు. తప్పులుంటే దిద్దుకో. దావీదు సెలవు మీద వస్తుంటే వాని చేతికి ఇస్తున్నాను. ఫోన్ చేయవద్దన్నావు, చేయలేదు. కోపంతో కాదు. ఈ మాట నన్ను కన్న అవ్వ వినే చోట పలకలేను.

నువ్వు మరిచిపో అని నొక్కిన ఇల్లు నాది కాదు. బాపుది.

బాపు సిరిసిల్ల సాంచెల మీద నేసిన బట్ట తెచ్చి కోరుట్ల అంగట్లో అమ్మేవాడని నీకు తెలుసు. వారంలో రెండు రోజులు అక్కడే ఉండేవాడు. ఎక్కడ ఉండేవాడో ఇంట్లో ఎవరూ అడగలేదు. నేను చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి నన్ను తీసుకెళ్లాడు. రాజవ్వ అని ఒకామె, సాంచెల గల్లీలో ఒక్క అర్ర. నాకు శనగల గుడాలు ఉడకబెట్టి పెట్టింది. వచ్చేటప్పుడు నా తల నిమిరి “ఇంటికాడ జెప్పకు కొడుకా” అంది. ఇప్పటిదాకా చెప్పలేదు. ఆమెకు పిల్లలు లేరు. బడిలో పోరగాళ్లు నన్ను ‘చిన్నిల్లు, చిన్నిల్లు’ అని ఏడిపించేవాళ్లు. యాప్‌లో ఆ ఇంటికి పేరు పెట్టుమని అడిగితే నా చేతికి ఇంకో పేరు రాలేదు. నిఘంటువు చెప్పనక్కర్లేదని నువ్వు అన్న మాట నాకు చిన్నప్పటి నుంచి వీపు మీద పడిన మాట.

బాపు పడిపోయినప్పుడు ఆమె కోరుట్ల బస్టాండు దాకా వచ్చిందట. అక్కడే సిమెంటు బెంచి మీద సాయంత్రం దాకా కూర్చుని, ఇంటికి రావడానికి కాళ్లు రాక తిరిగి సిరిసిల్ల బస్సెక్కింది. ఆ సంగతి తెలిశాక నేను ఊరుకోలేకపోయాను. వేములవాడ పేరు చెప్పి పోయింది అక్కడికే. నీకు చెప్తే అవ్వ మొఖం చూసి నువ్వు దాచలేవని చెప్పలేదు. అది తప్పే. ఆమె అర్రలో ఒక స్పీకర్ పెట్టి, పక్కింటోళ్ల నెట్టుకు కలిపి, బాపు దానితో ఒకే గ్రూపు చేశాను. పాత యాప్ రెండు ఇళ్లనూ కలపనిచ్చేది. సాయంత్రం ఒకే పాట రెండు చోట్లా వస్తుంది. అక్కడ ఆమె మీట ఒత్తితే ఇక్కడ పాట మారుతుంది, ఇక్కడ బాపు ఒత్తితే అక్కడ మారుతుంది. మాట పడిపోయిన మనిషితో ఆమెను నేను ఇంకెట్లా మాట్లాడించాలి? నువ్వు లోపం లోపం అని నాతో కొట్లాడింది దాని గురించే. పాట మారితే ఆమె ఉన్నట్టు. అందుకే ముట్టకు అన్నాను.

ఆమె ఫోన్ చాలా రోజుల నుంచి కలవడం లేదు. కానీ పాటలు మారుతున్నాయని నువ్వు తిడుతూనే ఉన్నావు కదా, బాగానే ఉంది అనుకున్నాను. కొత్త యాప్‌లో ‘కనబడుట లేదు’ అని వచ్చినా పట్టించుకోలేదు. అది నీ వంటింటినే కనబడుట లేదంటుంది. ఆ కంపెనీకి మళ్లీ మళ్లీ రాశాను, పాత పద్ధతి పెట్టుమని. ‘మీ అభిప్రాయం మాకు విలువైనది’ అని జవాబు. ఎవరు రాసినా అదే జవాబట.

ఇప్పుడు రెండు ఇళ్లు కలవవు. ఒక్కటే దారి. సిరిసిల్ల డబ్బాను మన ఇంట్లోనే ఇంకో గదిగా ఎక్కించాలి. దానికి ఎవరో ఒకరు ఆ డబ్బా దగ్గర నిలబడి, వెనక ఉన్న చిన్న మీటను లైటు ఎర్రగా అయ్యేదాకా ఒత్తిపట్టి, ఫోన్లో కొత్త గది అని నొక్కి, పేరు పెట్టాలి. ఆమెకు చేతకాదు. నాకు లీవు లేదు. నిన్ను అడిగే మొఖం కూడా లేదు. జగిత్యాల పోవాలంటే పో, ఆపను. పోయేముందు ఒక్కసారి సిరిసిల్ల పోయి రా. బాపు ముద్ద ముట్టడం లేదంటే నాకు ఇక్కడ ముద్ద దిగడం లేదు.

అవ్వకు చెప్పకు. ఇన్నేండ్లు తెలియకుండా బతికింది. ఈ వయసులో ఆమెకు ఆ బాధ వద్దు.

నీ
గంగాప్రసాద్


కోరుట్ల,
శుక్రవారం

సుస్మిత డాడీకి,

దావీదు ఉత్తరం ఇచ్చిన మర్నాడే బడికి సెలవు పెట్టి బయల్దేరాను. మీ అమ్మతో వేములవాడ పోతున్నానని చెప్పాను. ఈ ఇంట్లో సిరిసిల్ల పోవాలంటే అందరికీ రాజన్నే దిక్కు. కండక్టర్ ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. బస్సులో కాలు పెట్టే సందు లేదు. రుద్రంగి దాకా నిలబడే, నీ మీద కోపం తగ్గిందా లేదా అని చూసుకుంటూ పోయాను. చిన్నిల్లు నీది కాదని చదివినప్పుడు గుండె కుదుటపడిన మాట నిజం. ఆ వెంటనే ఇంకో రకం కోపం వచ్చింది. మీ అమ్మ ఇంట్లో, ఆమె వంటింటి గోడకు ఆనుకుని ఉన్న అర్రలో, ఆమెకు తెలియకుండా ఆమె సవతిని తెచ్చి పెట్టావు. మంచి పనే కావచ్చు. కానీ ఆ మంచి చేసేటప్పుడు మీ అమ్మ ఒక మనిషని నీకు గుర్తు రాలేదు. ఆమెకు తెలియదు అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నావు.

సాంచెల గల్లీ కనుక్కోవడం కష్టం కాలేదు. ఆ మరమగ్గాల చప్పుడులో పక్కన ఉన్న మనిషి మాట వినపడదు. అందులో పాట ఎట్లా వినేదా అనుకున్నాను. నువ్వు చెప్పిన అర్రకు తాళం ఉంది. పక్కింట్లో బీడీలు చుడుతూ కూర్చున్న సుధ అనే ఆమె నన్ను చూసి లేచింది. కోరుట్ల నుంచి వచ్చానని చెప్పి రాజవ్వ గురించి అడిగాను.

“పెద్దమ్మ పాయె గదక్కా,” అంది. “ఎండకాలం మొదట్లనే. మా ఆయన కోరుట్లకు అచ్చి మీ ఇంట్ల జెప్పిపోయిండు గదా. గేటు కాడ ముసలమ్మ ఉంటే గామెకే జెప్పిండు. లోపటికి రానియ్యలేదట గని, చెంబెడు నీళ్లిచ్చి, ‘దినాలు మంచిగ జేయుర్రి’ అన్నదట.”

ఆ డబ్బా ఏమైందని అడిగాను. సుధ లోపలికి పోయి స్పీకర్ తెచ్చింది. పాడు కావద్దని ఒక కొత్త సిరిసిల్ల తువ్వాలలో చుట్టి దాచింది. “గిది జెర్ర సౌండ్ తక్కువ వస్తే, చెవి దాని మీద పెట్టి ఇనేది పెద్దమ్మ. పాట మార్చి, మల్ల మారుతదా అని జూసేది. మారితే శిన్న పిల్ల లెక్క నవ్వేది,” అంది.

తిరుగు బస్సులో కూర్చునే చోటు దొరికింది. రాజవ్వ ఎండాకాలం మొదట్లో పోయింది. యాప్ మారింది పోయిన నెల. ఆ మధ్యలో ప్రతి సాయంత్రం పాటలు మారాయి. నా చెవులతో విన్నాను, నీతో కొట్లాడాను. చనిపోయిన మనిషి మీట ఎట్లా ఒత్తుతుంది? గేటు దాకా వచ్చిపోయినది ఎవరో, పట్టపగలు మీ అమ్మ తల మీద నీళ్లు ఎందుకు పోసుకుందో అప్పుడు తెలిసింది. అయినవాళ్లు పోయారని వింటే చేసే స్నానం అది. దీపం పెట్టకపోవడం మైల. మన ఇంట్లో ఒక చావుకు పట్టింపు జరిగిపోయింది, నేను పెద్దతనం అనుకున్నాను. పిల్లలకు ఒక మాటకు ఎన్ని అర్థాలో చెప్పే నాకు ఇంట్లో జరిగేదానికి అర్థం తెలియలేదు.

ఇల్లు చేరేసరికి మీ అమ్మ వంటింట్లో బియ్యం ఏరుతోంది. తువ్వాల మూట ఆమె ముందు పెట్టాను. విప్పి చూసింది.

“రాజన్న కాడికి పోయినన్నవు,” అంది.

“నీకు తెలుసా అత్తమ్మా?”

“ఏంది తెల్వంది? వారం వారం సంచి వట్టుకొని గడప దాటంగ గాయిన మొఖం జూసిన. తిరిగి అచ్చినంక జూసిన. గా మొఖం నాకు తెల్వదా? గీ డబ్బల పాట మారంగనే మల్ల గదే మొఖం. పాటల ఏమున్నదో తెల్వనీకి సదువు గావాల్నా?”

“మరి ఆమె పోయాక?”

“గామె పోయిందని జెప్తే గీయిన గుడ పోతడని జెప్పలె. మొదటి దినం పాట మారకుంటె బుక్క మింగలె. గప్పుడు నేనే గిక్కడ ఒత్తిన. రెండు పాటలు ఇడిశి మూడోది నడుమల మార్చేది గామె. నేను ఇన్న గదా. గట్లనే ఒత్తిన. నవ్విండు. బువ్వ తిన్నడు.”

గంగాప్రసాద్, ఆ తర్వాత అన్న మాట నువ్వు కూడా మోయాలి, అందుకే రాస్తున్నాను. బియ్యం చాటలో వేళ్లు పెట్టి, నా వైపు చూడకుండా అంది: “నలభై ఏండ్లు నా సేతి బువ్వ తిన్నడు. ఒక్కనాడు మంచిగున్నదన్న పాపాన పోలె. గిప్పుడు నా సేతి పాటకు నవ్వుతుండు. గామె అనుకొని.”

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. చాటలో రాయి ఒకటి దొరికితే తీసి పారేసింది.

ఇన్నాళ్లూ ఆమె వంటింట్లో నిలబడి మీట ఒత్తి ఒత్తి ఎందుకు తిట్టిందో ఇప్పుడు నీకూ తెలిసింది కదా. ఆ కంపెనీవాళ్లు టైమర్లు తీసేసి, వంటింటిని కనబడకుండా చేసి, మీ అమ్మ చేతిలో ఉన్న ఆ ఒక్కటీ లాక్కున్నారు. ఇది వాళ్లకు రాస్తే వాళ్లకు విలువైన అభిప్రాయం అవుతుందా? నేను నీ ఉత్తరం ముందు పెట్టుకుని, సిరిసిల్ల డబ్బాకు నువ్వు చెప్పిన ఉపాయమే వంటింటి డబ్బాకు చేశాను. వెనక మీట ఎర్ర లైటు వచ్చేదాకా ఒత్తిపట్టి, కొత్త గది అన్నాను. ఇన్నాళ్లూ కనబడనిది అప్పుడు కనబడింది. బాపు అర్రతో గుంపు కట్టాను. చివరికి ‘ఈ గదికి పేరు?’ అని అడిగింది.

“ఏమడుగుతంది?” అంది మీ అమ్మ, నా భుజం మీదుగా చూస్తూ.

“ఈ గది పేరు. వంటిల్లు అని రాస్తున్నా.”

“చిన్నిల్లని రాయి.”

“అదేం మాట అత్తమ్మా!”

“నీ మొగడు ఆడికెళ్లి ఫోన్ల ఏమని రాసిండో సుస్మిత సదివి జెప్పింది, నువ్వు తుడిసేసిన నాడే. గాయిన బుక్క తినేది గా పేరుకే గదా. గదే రాయి. కొడుకు గుడ జూడని.”

రాశాను. రెండుసార్లు తప్పు పడింది, దిద్దాను. ‘ఆడు’ నొక్కాను. మామయ్య అర్రలో పాట మొదలైంది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని స్పీకర్ దగ్గర నిలబడింది. రెండు పాటలు విడిచింది. మూడోది మధ్యలో ఉండగా ఒత్తింది. నేను అర్ర గుమ్మంలో నిలబడి చూశాను. ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. ఎడమ పెదవి లేచింది. చేయి తడుముకుంటూ మీట దాకా పోయి జవాబు ఒత్తింది. వంటింట్లో పాట మారింది. మీ అమ్మ వెనక్కి తిరిగి, పప్పు కలిపిన పళ్లెం తీసుకుని వెళ్లి ముద్ద పెట్టింది. నోరు తెరిచాడు. ఆ మూతి ఆమె సిరిసిల్ల తువ్వాలతోనే తుడిచింది.

గొట్టం అవసరం లేదని డాక్టర్ అన్నాడు. మామయ్యకు ఏమీ చెప్పలేదు, చెప్పం కూడా. ఇక నా సంగతి. నేను జగిత్యాల పోవడం లేదు. నీ మీద అనుమానం పోయినందుకు కాదు, అనుమానం పోయినా నీ మీద నా మనసు ఇంకా ఇటు తిరగలేదు. రేపు ఆ యాప్ మళ్లీ ముఖం మార్చుకుంటే మీ అమ్మకు దాన్ని చదివి చెప్పేవాళ్లు కావాలి. ఆమెకు చదువు రాదు, ఓపిక మాత్రం నీకూ నాకూ లేనంత ఉంది. మళ్లీ సెలవుకు వస్తే వేములవాడ, సిరిసిల్ల ఎక్కడికీ పోకు. తిన్నగా ఇంటికి వచ్చి వంటింట్లో ఆమె ముందు కూర్చో. ఏం చెప్పాలో తెలియకపోతే ఆమె చేతి బువ్వ తిని మంచిగుంది అను. ఇంతవరకు ఆమెతో ఎవరూ అనలేదు.

ఈ ఉత్తరం దావీదు తిరిగి వచ్చేటప్పుడు నీకు అందుతుంది. ఈలోగా ఫోన్ తెరిస్తే పెద్దింట్లో హాలు, బాపు అర్ర, వాటి పక్కన చిన్నిల్లు అని కనబడుతుంది. యాప్ తప్పు అనుకుని దిద్దకు. అది మీ అమ్మ.

పోశవ్వ కోడలు
హేమలత